తాతగారి జావా బైకును మళ్లీ నడిపించాలి, దారి చెప్పండి

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పశువుల శాల ఖాళీ చేస్తుంటే గడ్డి వెనక మా తాతగారి జావా బయటపడింది. మైసూరులో తయారైన 250 సీసీ టూ స్ట్రోక్, 1969ది. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. అది తెలియక గేరు రాడ్డు ఎవరో ఎత్తుకుపోయారనుకుని మా బావమరిదిని అనుమానించాను!

కిక్కు కదలట్లేదు, పిస్టన్ పట్టేసినట్టుంది. ప్లగ్ తీసి డీజిల్ పోసి వారమైంది. ఇంకా ఆగాలా, హెడ్ విప్పించాలా? ఒక మెకానిక్ సుత్తితో ఒక్కటేస్తే చాలన్నాడు. దండం పెట్టి పంపేశాను. ట్యాంకు లోపల తుప్పు ఎలా వదిలించాలి? పైన రంగు మాత్రం ముట్టుకోను, తాతగారి మోకాలు రాసుకుని అరిగిన చోటు అలాగే ఉండాలి.

అసలు టెన్షన్ ఆర్‌సీ గురించి. పుస్తకం చెదలు తినేసింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, అప్పటిదాకా బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాయే. మరి పాత రికార్డు ఎక్కడ వెతకాలి? యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కానీ, దాంతో రోజూ తిప్పకూడదు. నాకేమో ఆదివారం సంతకైనా వెళ్లాలని ఉంది.

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత జావాలు బాగుచేసేవాళ్లు ఎవరైనా మిగిలారా?