ఒర సరే, పిడి సరే... 'ఒరపిడి' అనవచ్చా?

ప్రశ్న:
బాల్కన్ ప్రాంతపు పాత కత్తుల మరమ్మతు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆ కత్తి పేరు యాతగాన్. ఒట్టొమన్ల కాలంలో, ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో, బోస్నియా నుంచి గ్రీసు దాకా మగవాళ్లు నడికట్టులో దోపుకుని తిరిగిన కత్తి. మన కొడవలిలాగే పదును లోపలి వంపు వైపు ఉంటుంది. చేతికి అడ్డుగా పట్టీ ఉండదు. దానికి బదులు పిడి చివర రెండు చెవులు విచ్చుకుని ఉంటాయి, విసురులో చెయ్యి జారిపోకుండా. శీర్షిక 'యాతగాన్ ఒరపిడి పునరుద్ధరణ' అని పెట్టాను. ఒరా పిడీ ఒకే మాటలో ఇమిడాయని మురిసిపోయాను. ఇంట్లో చదివి నవ్వారు. తప్పెక్కడ?

జవాబు:
నవ్వరూ మరి! ఒరపిడి అంటే రాపిడి. ఒరయడం అంటే రాయడం, రుద్దడం. బంగారం గీసి చూసే ఒరగల్లు ఆ మాటలోంచి వచ్చిందే. అందులోని 'పిడి' చేత్తో పట్టుకునేది కాదు, 'రాపిడి'లో కనిపించే ప్రత్యయం. మీ శీర్షిక చదివితే చల్లారిన తగాదాలను మళ్లీ రాజేస్తున్నట్టుంది. 'పిడీ ఒరా' అని విడిగా రాయండి, గొడవ వదిలిపోతుంది.

మరొకరు:
ఏడాదిగా సెర్బియన్ నేర్చుకుంటున్నాను కాబట్టి ఒక ముచ్చట. ఆ భాషలో ఒరను 'కోరిత్సె' అంటారు. 'కోర' అంటే చెట్టు బెరడు, రొట్టె మీది గట్టి పొర. పుస్తకం అట్టలను కూడా కోరిత్సె అనే అంటారు! మనకు సంస్కృతం నుంచి వచ్చిన 'కోశం' చూడండి. ఒర, బొక్కసం, నిఘంటువు మూడూ అదే. వాళ్లకు ఒర పుస్తకం పైన ఉంటే మనకు పుస్తకమే ఒర అయింది.

పిడికి వాళ్లు వాడే 'సాప్' తుర్కీ మాట. ఎముకతో గానీ వాల్రస్ దంతంతో గానీ చేసిన తెల్ల పిడి ఉంటే ఆ యాతగాన్ 'బ్యెలొసాపత్స్'. నల్ల కొమ్ము పిడి ఉంటే 'త్సర్నొసాపత్స్'. తెలుగులో తెల్లపిడి కత్తి, నల్లపిడి కత్తి అంటే చాలు. దయచేసి ఎవరూ 'శ్వేతముష్టికం' అనకండి.

ఇంకొకరు:
శీర్షిక కన్నా నాకు 'పునరుద్ధరణ' దగ్గరే పేచీ ఉంది. మా నాన్నగారు ఊళ్లో కొడవళ్లు, గొడ్డళ్ల పని చేసేవారు. ఆయన దగ్గర మూడు మాటలుండేవి. పిడి వేశాను అంటే కొత్త పిడి. పిడి బిగించాను అంటే పాత పిడే, వదులైతే మళ్లీ గట్టిపరిచారు. పిడి అతికాను అంటే విరిగిన పాత పిడిని ముక్కకు ముక్క కలిపారు. 'పిడిని పునరుద్ధరించారు' అంటే ఈ మూడింటిలో ఏది? పాత కత్తుల విషయంలో ఇది చిన్న తేడా కాదు. రెండు వందల ఏళ్ల కొమ్ము చెవి ఒకటి పురుగు తినేస్తే, రెండూ తీసేసి కొత్తవి వేయడం సులువు. తిన్నంత మేరకు అతికి, అతుకు కనబడేలా వదలడం వేరే పని. ఏం చేశారో మీ అనువాదం చెప్పాలి.

యాతగాన్‌కు పిడి ఎలా కూర్చుతారో ఒకసారి చూస్తే క్రియలు వాటంతటవే దొరుకుతాయి. కత్తి తోకకు అటొక చెక్క, ఇటొక చెక్క అన్నట్టు ఎముకనో కొమ్మునో రెండు బిళ్లలుగా పెట్టి మేకులు దిగ్గొడతారు. బిళ్లల మధ్య సందును లోహపు రేకు కప్పుతుంది. రేకు కింద ఖాళీల్లో గుగ్గిలం వంటి నల్లటి జిగురు పోస్తారు. కాలం గడిచేకొద్దీ అది ఎండి పెళుసై పొడి రాలిందంటే కత్తి ఊపగానే పిడి గలగలమంటుంది. మన తల్వార్ పిడిలో లక్క చేసే పనీ ఇదే. అక్కడ 'బిగించారు' అనే రాయండి.

ఒర సంగతి వేరు. లోపల రెండు పలచటి కర్ర బద్దలు, పైన తోలు, కుట్టు వెనక వైపు. ఖరీదైన వాటికి తోలు బదులు నగిషీ కొట్టిన వెండి రేకు. దోపుకునే కత్తి కనుక చాలా ఒరలకు వేలాడదీసే కడియాలుండవు. తేమకు బద్దలు విడిపోతే తోలు చింపకుండా ఆ కుట్టే విప్పి, లోపల చర్మపు బంకతో అంటించి, పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టాలి. చర్మపు బంకే ఎందుకంటే, రేపు ఇంకొకరు విప్పాలనుకుంటే తడికీ వేడికీ ఊడివస్తుంది. ఒర కొనకు తొడిగే లోహపు ముక్కను 'పొన్ను' అనండి. రోకలికీ చేతికర్రకూ ఉన్న మాట ఉండగా వేరే వెతకడమెందుకు?

ప్రశ్న అడిగినవారు:
మూలం మళ్లీ చూశాను. అక్కడ కూడా 'బాగుచేశారు' అని ఒకే మాట దాటవేశారు! ఫొటోలు దగ్గరగా చూస్తే ఎడమ చెవి కొంచెం తెల్లగా, కొత్తగా ఉంది. కుడిది తేనె రంగుకు తిరిగింది. కాబట్టి ఇలా మార్చాను: 'ఒర కుట్టు విప్పి బద్దలు అంటించారు. పిడి బిగించారు. ఎడమ చెవి మాత్రం కొత్తగా వేశారు.'

మొదటి జవాబు ఇచ్చినవారు:
బాగుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవనే సామెత ఎక్కడా ఇరికించలేదు కదా? నేపాలీ ఖుక్రీ ఒరలో పెద్ద కత్తి పక్కనే రెండు చిన్నవి హాయిగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
మొదటి పేరాలోనే ఉంది. తీసేస్తున్నాను.