గడ్డి గొడ్డుకా, మడికా?

బోదెగట్టు:
మాది అర ఎకరం టమాటా, డ్రిప్పు మీద. ఈ వేసవికి నాలుగు సాళ్లకు వరిగడ్డి కప్పాను, మిగతావి ఖాళీగా వదిలేశాను. నిన్న మిట్టమధ్యాహ్నం రెండు చోట్లా మట్టిలో వేలు గుచ్చి చూశాను. ఖాళీ సాల్లో గోరు దాకా కూడా దిగలేదు, పైగా చుర్రుమంది. గడ్డి కింద రెండు కణుపులు దిగింది, చల్లగా ఉంది, ఒక వానపాము కూడా బయటపడింది. కప్పిన సాళ్ల కుళాయి రోజు విడిచి రోజు తిప్పుతున్నా మొక్క వాడట్లేదు.

మా పెదనాన్న చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "గొడ్డు తినేది నేలపాలు చేస్తావా? చెదలు పడతాయి, మొక్క పసుపు తిరుగుతుంది" అని ఒకటే గొడవ. మిగతా సాళ్లకూ కప్పాలా, ఉన్నది తీసేయాలా?

రెండుబర్రెలు:
పెదనాన్న మాటే నా మాట. హార్వెస్టర్ వచ్చాక గడ్డి సగం పొలంలోనే నలిగిపోతోంది. బేలర్‌తో కట్టలు కట్టించి, ట్రాక్టర్ కిరాయి పెట్టి ఇంటికి చేర్చేసరికి తల ప్రాణం తోకకొస్తోంది. ఎండాకాలంలో పచ్చిమేత ఉండదు, బర్రెకు ఈ ఎండుగడ్డే దిక్కు. అయినా బర్రె తిని వేసే పేడ ఎటు పోతుంది తమ్ముడూ? మీ మడికే కదా! మధ్యలో పాలు లాభం.

మిరపకారం:
గడ్డి గొడవెందుకు, సాళ్ల మీద ప్లాస్టిక్ మల్చింగ్ షీటు వేసుకోండి. 2021లో నల్లతామర పురుగు మా మిరపను ఊడ్చిపెట్టాక నేను షీటుకు మారాను. 25 మైక్రాన్ల మందం, 4 అడుగుల వెడల్పు, 400 మీటర్ల రోలు. వెండిరంగు పైకి, నలుపు కిందికి. ఆ మెరుపుకి తామర కాస్త తగ్గింది, పూర్తిగా పోయిందని మాత్రం అనను. కలుపు కూలి బాగా మిగిలింది. తుంగ ఒక్కటే సూదిలా షీటు పొడుచుకుని పైకొస్తుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

బోదెగట్టు:
మిరపకారం అన్నా, పంటయ్యాక ఆ షీటు ఏం చేస్తున్నారు?

మిరపకారం:
అదే తలనొప్పి. పీకుతుంటే పేలికలై సగం మట్టిలోనే ఉండిపోతుంది. మరుసటి దుక్కికి నాగలికి చుట్టుకుంటుంది. మా పక్కాయన గట్టు మీద వేసి తగలబెట్టాడు, ఆ కంపు రెండు రోజులు పోలేదు. మందం ఎక్కువున్నది కొంటే కొంచెం నయం.

మట్టిమనిషి:
పసుపు తిరుగుతుందన్న భయం సగమే నిజం. వరిగడ్డిలో నత్రజనికి దాదాపు 60 నుంచి 80 రెట్లు కర్బనం ఉంటుంది. దాన్ని మట్టిలో కలిపి దున్నితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. అప్పుడు మొక్క పాలిపోతుంది. పైన పరిచినప్పుడు ఆ లాగుడు గడ్డీ మట్టీ తగిలే పైపొర వరకే, వేరు దాని కింద ఉంటుంది. కాబట్టి బోదెగట్టు గారూ, ఉన్నది తీయకండి. పంటయ్యాక మాత్రం ఆ గడ్డిని దున్నేసి వెంటనే ఇంకో నారు నాటొద్దు.

చెదలు ముందు ఎండుగడ్డికే వస్తాయి. ఎర్రనేలల్లో తడి తగ్గితే కాండం మీదికీ ఎక్కుతాయి. మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉంచి, మిగతా చోట మూడు నాలుగు అంగుళాలు కప్పండి. రెండు తడులకు అది అణిగి సగమవుతుంది.

ఇంకో మాట. ప్రకృతి వ్యవసాయం సుభాష్ పాలేకర్ చెప్పే ఆచ్ఛాదన, అంటే నేలను కప్పి ఉంచడం, ఎండుగడ్డి ఒక్కటే అనుకుంటారు చాలామంది. సాళ్ల మధ్య అలసంద లాంటివి చల్లి నేలను పచ్చగా కప్పినా ఆచ్ఛాదనే. అప్పుడు గడ్డి కోసం బర్రెలతో పోటీ పడక్కర్లేదు.

నల్లరేగడి:
అందరూ ఎండాకాలం గురించే మాట్లాడుతున్నారు. నేను శ్రావణంలో వంగకు కప్పి చేతులు కాల్చుకున్నాను. వారం ముసురు పట్టింది. మా నేల అసలే నీరు వదలదు, పైన గడ్డి దుప్పటి. మొదళ్లు కుళ్లాయి, నత్తలు కింద కాపురం పెట్టాయి. రాత్రిపూట టార్చిలైటు వేసుకుని బకెట్లో ఏరాం. గడ్డిలో మిగిలిన గింజలు కూడా మొలిచి వంగతోట కాస్తా వరినారుమడి అయింది. మా ఆవిడ ఇప్పటికీ "నాట్లెప్పుడు?" అని అడుగుతుంది. గడ్డి విదిలించకుండా మడిలోకి తేవద్దు, ముసుర్లో అసలే వద్దు.

మిద్దెతోట:
మాది హైదరాబాద్, కుండీల్లో బెండ, టమాటా. వరిగడ్డి కప్పితే పావురాలు పరకలన్నీ గూళ్లకు మోసుకుపోయాయి. ఇప్పుడు ఎండాకులూ కొబ్బరిపీచే వేస్తున్నాను.

బోదెగట్టు:
పెదనాన్నతో రాజీ కుదిరింది. మా గడ్డివాము అడుగున వానకు తడిసి నల్లబడిన గడ్డి ఉంది, బర్రెలు మూతి కూడా పెట్టవు. అది తీసుకోమన్నారు. పైగడ్డి మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోరట.

రెండుబర్రెలు:
నల్లగడ్డికి నేనూ అడ్డు చెప్పను. బూజు గడ్డి తింటే పశువుకి కడుపు చెడుతుంది. కానీ వాము అడుగున ఎంతుంటుంది? ఇంకో నాలుగు సాళ్లకు వస్తే గొప్ప. మిగతావాటికి ఎక్కణ్నుంచి తెస్తావు?

బోదెగట్టు:
కాలవగట్టు గడ్డి కోద్దామనుకుంటున్నా.

మట్టిమనిషి:
కంకి రాకముందే కోయండి, లేకపోతే కలుపు విత్తనాన్ని చేజేతులా చల్లుకున్నట్టే. గరిక, తుంగ ఏరి పారేయండి, తడి తగిలితే మళ్లీ వేళ్లు వేస్తాయి. పచ్చిది పచ్చిగానే మందంగా వేస్తే వేడెక్కి చాపలా అంటుకుపోతుంది. రెండు రోజులు ఆరనిచ్చి, పలచగా రెండు మూడు విడతల్లో వేయండి.

రెండుబర్రెలు:
కాలవగట్టు మీద మా బర్రెలు మేస్తాయి తమ్ముడూ. కోసేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి.