అప్‌డేట్: ట్రైలర్ లోపల చెమ్మ, బూజు – కారణం దొరికింది

అమెరికాలోని మిషిగన్ చలిలో మేం పడుకోవడానికి వాడే 6×12 అడుగుల కార్గో ట్రైలర్‌లో (బండి వెనక తగిలించే సామాన్ల పెట్టె) పొద్దున్నే సీలింగ్ నుంచి చుక్కలు పడుతున్నాయని, పరుపు కింద బూజు పట్టిందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పైకప్పు లీకేమోనని రెండుసార్లు సీలెంట్ పూశాను, దండగ. హీటర్ సంగతి చూడమన్నవాళ్లే కరెక్ట్. మా పాత హీటర్ లోపలే వెలిగించే ప్రొపేన్ గ్యాస్‌ది. ఆ గ్యాస్ కిలో కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది! అదంతా చల్లటి ఇనుప చట్రం మీద నీరవుతోంది. చలి ఆపడానికి వేసిన పాత గ్లాస్‌వూల్ (గాజు దూది) పీకి పిండితే నీళ్లు కారాయి, ఒకటే ముక్క వాసన.

ఇప్పుడు పొగ బయటికి పోయే డీజిల్ హీటర్ పెట్టాను. చట్రం కూడా కప్పేలా అంగుళం ఫోమ్ బోర్డు, అతుకులకు ఫాయిల్ టేప్, పరుపు కింద చెక్క పట్టీలు వేశాను. రాత్రి పైన వెంట్ కాస్త తెరిచే ఉంటుంది. మొన్న మైనస్ 8లో పడుకున్నాం. కిటికీ అద్దం తప్ప అంతా పొడిగానే ఉంది.