సరదా ప్రేమ నవలలో కుక్క కుక్కలాగే బతకాలా?

నుంగంబాక్కం రచయిత్రి:
నేను ఒక సరదా ప్రేమ నవల రాస్తున్నాను. కథానాయిక చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో చదువు ముగించి, ఎగ్మూరులో పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తమిళనాడు దక్షిణాన, ఇళ్లలో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల కుటుంబాలున్న రాజపాళయంలో ఉద్యోగానికి చేరుతుంది. కథానాయకుడి ఇంట్లో ఆ ఊరి పేరే ఉన్న జాతి కుక్క ఉంటుంది. అది మొదటి అధ్యాయంలోనే ఆమె ఒళ్లోకి దూకుతుంది, నిశ్చితార్థం నాడు లడ్డూల పళ్లెం ఖాళీ చేసి అందరినీ నవ్విస్తుంది. చివరికి అతడు రిబ్బను కట్టిన పెట్టెలో నెల వయసు కుక్కపిల్లను ఆమెకు కానుకగా ఇస్తాడు. రాతప్రతి చదివిన మిత్రులలో ఒకరు ఈ మూడూ నిజానికి దూరమన్నారు, మరొకరు ఇలాంటి నవలకు ఆ పట్టింపు అక్కరలేదన్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

మాంబళం పాఠకుడు:
రచయిత్రిగారూ, మీ రెండో మిత్రుడి మాటే నాకు సరైనదిగా తోస్తుంది. పగలంతా పనిచేసి, కిక్కిరిసిన లోకల్ రైలులో ఇంటికి తిరిగి వచ్చే మనిషి ఇటువంటి నవలను తెరిచేది మనసు తేలికపడటానికే. ప్రేమ ఫలిస్తుందని, కుక్కకు ఏ ఆపదా రాదని అతడికి ముందే తెలుసు, ఆ భరోసా కోసమే చదువుతాడు. ప్రతి పుటలోనూ టీకాల గురించి, ఆహార నియమాల గురించి చెబుతూ పోతే అది నవల కాదు, పశువుల ఆసుపత్రి గోడమీది ప్రకటన అవుతుంది.

వేపేరి పాఠకురాలు:
మాంబళం మిత్రులు చెప్పిన భరోసాను నేనూ గౌరవిస్తాను. కుక్క చావకూడదు, ప్రేమ ఫలించాలి. అయితే ఆ భరోసా ముగింపుకు సంబంధించినది, మధ్యలో కుక్క ఎలా నడుచుకుంటుందన్న దానికి సంబంధించినది కాదు.

ముందుగా ఒళ్లోకి దూకే సన్నివేశం చూద్దాం. రాజపాళయం జాతి అడవిపందుల వేటకు, ఇంటి కాపలాకు పెంచినది. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్క జాతుల మీద విడుదల చేసిన నాలుగు బిళ్లలలో దీనికీ చోటు దక్కింది. ఒకే యజమానికి అంటిపెట్టుకుని, కొత్తవారిని దూరంగా నిలబెట్టే స్వభావం దానిది. కొన్ని విదేశీ జాతుల కుక్కలలాగా అది తొలి చూపులోనే కథానాయిక మీదికి ఎగబడితే, ఆ ఊళ్లో కుక్కలను పెంచిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. దానికి బదులు, గేటు దగ్గర గుర్రుమన్న కుక్క ఆమె చేతి వాసనకు అలవాటు పడటానికి కొన్ని అధ్యాయాలు పడితే, ఆ సమయంలోనే ఆ ఇంటి మనుషులూ ఆమెకు అలవాటు పడతారు. చిన్న ఊరి ప్రేమకథకు కావలసిన నిదానాన్ని కుక్కే సమకూరుస్తుంది.

ఇక లడ్డూలు. వాటిలోని ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేము. టార్టారిక్ ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని 2021 నుంచి పశువైద్యులు భావిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది కనుక, విందులో పులిహోర కూడా ఉంటే మరీ జాగ్రత్త పడాలి. మీ కథానాయిక పశువైద్యురాలు. పళ్లెం ఖాళీ అయిందని చుట్టాలందరూ నవ్వుతుంటే ఆమె కూడా నవ్వి ఊరుకుంటే, ఆమె చదువును నేను నమ్మలేను. పట్టుచీర కొంగు నడుముకు దోపి, కుక్కకు వెంటనే వాంతి చేయించి, కాబోయే అత్తగారి ముందే పెళ్లికొడుకును సెలైన్ సీసా పట్టుకోమని గదమాయిస్తే, అందులో హాస్యమూ ఉంది, ప్రేమా ఉంది, తెల్లవారేసరికి కుక్క లేచి తోక ఊపడమూ ఉంది. నిజం తెలిసిన రచయిత్రికి దొరికే సన్నివేశం ఇది. తెలియనివారికి ఖాళీ పళ్లెం మాత్రమే మిగులుతుంది.

మాంబళం పాఠకుడు:
లడ్డూల విషయంలో మీ వాదనను అంగీకరిస్తున్నాను, సెలైన్ సీసా సన్నివేశం నాకూ నచ్చింది. కానీ కుక్కపిల్ల కానుకను మాత్రం వదిలిపెట్టండి. పాఠకుడు చివరి పుటలో ఎదురుచూసేది ఆ పెట్టె కోసమే.

వేపేరి పాఠకురాలు:
ఆ ఒక్కదానినే వదలలేను. పిల్ల కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి, ఎంత గట్టిగా కొరికితే తోటి పిల్లకు నొప్పి కలుగుతుందో అది నేర్చుకునేది ఆ రోజుల్లోనే. నెల పిల్లను తల్లి నుంచి వేరుచేసి పెట్టెలో పెట్టినవాడిని పశువైద్యురాలు ప్రేమించడం కాదు, చీవాట్లు పెడుతుంది. పైగా ఈ నవలలు చదివి పండుగలకు కుక్కపిల్లలను కొనేవారున్నారు, ఆ ముచ్చట తీరాక వాటిని వీధిలో వదిలేసేవారూ ఉన్నారు. చెన్నైలో ఉంటున్న మనం రోజూ చూస్తున్నదే కదా.

రచయిత్రిగారికి ఒక సూచన. పాలలా తెల్లగా, గులాబీ ముక్కుతో పుట్టే ఈ జాతిలో కొన్ని పిల్లలకు పుట్టుకతోనే చెవుడు ఉంటుంది, అలాంటి వాటిని అమ్మకందారులు పక్కన పెట్టేస్తారు. ఎవరూ కొనని అలాంటి ఒక పిల్లను, తల్లిపాలు మాని, తొలి టీకాలు పడ్డాక, కథానాయకుడు పెట్టె లేకుండానే ఇంటికి తీసుకురానివ్వండి. చెవిటి కుక్కలు చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటాయి, నేలమీద పాదంతో తడితే ఆ అదురుకు తిరిగి చూస్తాయి. అతడు ఆమె దగ్గర ఆ సైగలు ఒక్కొక్కటీ నేర్చుకుంటూ, తడబడుతూ, చివరికి ‘రా’ అన్న సైగను కుక్కకు చూపబోయి ఆమెకు చూపితే, రిబ్బను కోసం ఎవరూ వెతకరని నా నమ్మకం.