లండన్–టోక్యో దూరం: ఒక్కో చోట ఒక్కో అంకె ఎందుకు?

ప్రశ్న: లండన్ నుంచి టోక్యోకి విమాన దూరం వెతికితే ఒక చోట 9,560, ఇంకో చోట 5,940, మరో చోట 5,162 అని ఉంది. ఏది నమ్మాలి? పోనీ పెద్ద అంకే తీసుకున్నా, గంటకి 900 చొప్పున పదిన్నర గంటల్లో దిగిపోవాలి కదా! మాది ఎక్కడా ఆగని విమానమే, అయినా టికెట్‌లో దాదాపు 14 గంటలు ఉంది.

జవాబు: మూడూ ఒకటేనండీ. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. విమానాలు నడిపేవాళ్లు వాడేది మూడోదే. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.

అడిగినవారు: అయ్యో, అంకె పక్కన ఏముందో చూడనేలేదు. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే గీత కజకిస్తాన్, చైనా మీదుగా పోయింది. దారి అదేనా?

జవాబు: స్కేలు పక్కన పెట్టి ఒక గ్లోబూ, దారం ముక్కా తీసుకోండి. దారాన్ని రెండు ఊళ్ల మధ్య బిగించి లాగితే అదే జరుగుతూ పైకి పోతుంది. నార్వే మీదుగా ఆర్కిటిక్ వలయం దాటి, సైబీరియా మీంచి కిందికి దిగుతుంది. 9,560 అంటే ఆ దారం పొడవు. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. న్యూయార్క్, మాడ్రిడ్ రెండూ సుమారు 40 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. అయినా ఆ గీత పట్టుకుని తిన్నగా తూర్పుకి పోతే, ఉత్తరంగా వంగి పోయే దారికంటే దాదాపు 170 కి.మీ. ఎక్కువ.

మరొకరు: ఆ దారం దారిలో ఇప్పుడు మీ విమానం పోదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్, రష్యా ఒకరి విమానాలను ఒకరు తమ గగనతలంలోకి రానివ్వడం లేదు. జపాన్ సంస్థలూ ఆ దారి వదిలేశాయి. కొన్ని తుర్కియే, మధ్య ఆసియా మీదుగా, కొన్ని గ్రీన్‌లాండ్, అలాస్కా మీదుగా చుట్టు తిరిగి పోతున్నాయి. హెల్సింకి–టోక్యో వాళ్లకైతే మరీ అన్యాయం, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం కాస్తా 13 అయింది. దీనికి తోడు గాలి. పైన జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. అందుకే టోక్యోలో లేచి, లండన్‌కి తూర్పువైపు పసిఫిక్ మీదుగా వెళ్లే విమానాలున్నాయి. మొదటిసారి సీటు ముందు తెర మీద చూసినప్పుడు పైలట్ దారి తప్పాడేమో అనుకున్నాను.

అడిగినవారు: అసలు సంగతి చెప్తాను. మా విమానం టోక్యోలో ఆరు గంటలు ఆలస్యంగా దిగింది. పరిహారం ఫారంలో దూరం రాయమన్నారు. తిరిగిన దూరం రాయాలా?

జవాబు: వద్దు, 9,560 కి.మీ. అనే రాయండి. బ్రిటన్ నిబంధనలో లెక్క గ్రేట్ సర్కిల్ దూరానికే. ఎలాగూ 3,500 కి.మీ. దాటితే పై శ్లాబే, నాలుగు గంటలకు మించిన ఆలస్యానికి 520 పౌండ్లు. కాకపోతే తప్పు విమాన సంస్థదై ఉండాలి. తుపాను లాంటివైతే రాదు. ఆలస్యానికి కారణం ఏం చెప్పారు?

అడిగినవారు: సాంకేతిక లోపం అన్నారు.

జవాబు: అయితే పంపేయండి. మామూలు సాంకేతిక లోపాన్ని వాళ్లు సాకుగా చూపలేరు. బోర్డింగ్ పాస్ కాపీ జతచేయడం మరవకండి.