క్లాష్ రెండో ఆల్బమ్: పెర్ల్‌మన్ పాడుచేశాడా, నిలబెట్టాడా?

పాత రికార్డు:
'గివ్ ఎమ్ ఎనఫ్ రోప్' (1978 నవంబర్) విషయంలో నా మాట సూటిగా చెప్తాను. బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే అమెరికా బ్యాండ్ నిర్మాత శాండీ పెర్ల్‌మన్ చేతిలో పడి లండన్ పంక్ బ్యాండ్ కాస్తా అమెరికా హార్డ్‌రాక్ బ్యాండ్ అయింది. 1977 నాటి మొదటి ఆల్బమ్ మూడు వారాంతాల్లో, సుమారు 4,000 పౌండ్లతో పూర్తయింది. అందులో గాయకుడు జో స్ట్రమ్మర్ మన మొహం మీదే అరుస్తున్నట్టుంటుంది. ఈ రెండోదాన్ని లండన్ బేసింగ్ స్ట్రీట్ స్టూడియోలో మొదలుపెట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓవర్‌డబ్ చేసి (ఉన్నదానిపైన ఇంకా వాయించి చేర్చి), న్యూయార్క్‌లో మిక్స్ చేశారు (గొంతు, వాద్యాల పాళ్లు కుదిర్చారు). ఇంతా చేస్తే గొంతు గిటార్ల వెనక్కి పోయింది.

స్నేర్ స్టాండ్:
అన్నా, డ్రమ్మర్ మారిన సంగతి వదిలేశారు. మొదటి ఆల్బమ్‌లో టెర్రీ చైమ్స్, ఇందులో టాపర్ హెడన్. 'టామీ గన్' మొదట్లో స్నేర్ డ్రమ్ మీద వరసగా పడే దెబ్బలు వినండి. తుపాకీ పేలినట్టు ఉండటమే ఆ పాట ఊహ. ఒక్కో దెబ్బా విడిగా తెగాలి, వెనక శబ్దం తోక మిగలకూడదు. మొదటి ఆల్బమ్ సౌండ్‌లో ఆ వరస ముద్దయిపోయేది. 'సేఫ్ యూరోపియన్ హోమ్' కూడా అంతే: చివర్లో పాట జమైకా రెగే వైపు తిరుగుతుంది, టాపర్ బరువు తగ్గించి దారి ఇస్తాడు. ఆ తేడా చెవికి అందుతోందంటే అది పెర్ల్‌మన్ పుణ్యమే.

బేస్ తీగ:
గొంతు ఎందుకు మునిగిందో చూద్దాం. బ్యాండ్ గిటారిస్ట్ మిక్ జోన్స్ గిటార్ మీద గిటార్ పేర్చాడు. డిస్టార్షన్ (గరగర) ఉన్న గిటార్, స్ట్రమ్మర్ గొంతు రెండూ 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్యే కొట్టుకుంటాయి. హల్లులు స్పష్టంగా తెలిసేది కూడా అక్కడే.

ఇంట్లో సరిచేయాలంటే చాలామంది ఈక్వలైజర్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెంచేస్తారు. అది పొరపాటు. గొంతుతో పాటు గిటార్లు, స్నేర్ కూడా లేస్తాయి, పావుగంటకే చెవులు అలిసిపోతాయి. దానికి బదులు 250 నుంచి 400 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గించండి, మసక విడుతుంది. తర్వాత మోనో బటన్ (ఎడమ, కుడి శబ్దాలను కలిపేది) నొక్కండి. పూర్తిగా ఎడమకో కుడికో వేసిన వాద్యాలు, మధ్యలో ఉన్న గొంతుతో పోలిస్తే సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతాయి. అప్పుడు మాటలు తేలితే మసక ఆ గిటార్ల పేర్పుది, గొంతు రికార్డింగ్‌ది కాదు.

వైనల్ పెట్టె:
ఏ ఎడిషన్ వింటున్నారో కూడా చెప్పాలండీ. 2013 'సౌండ్ సిస్టమ్' బాక్స్ కోసం మిక్ జోన్స్ దగ్గరుండి రీమాస్టర్ (పూర్తయిన మిక్స్‌కి మళ్లీ తుదిమెరుగు) చేయించాడు. పాత వైనల్ ప్రెస్సింగ్‌తో పోల్చేముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది, సగం వాదనలు అక్కడే పుడతాయి. ఇంకోటి, రీమాస్టర్ మిక్స్‌ను మార్చదు. గొంతు, గిటార్ల నిష్పత్తి 1978లో ఎలా ఉందో అలాగే ఉంటుంది.

పాత రికార్డు:
సరే, అమెరికా కోసమే ఈ నునుపు అనుకుందాం, ఫలితం చూడండి. ఆల్బమ్ చార్టులో బ్రిటన్‌లో 2వ స్థానం, అమెరికాలో 128. అక్కడ మొదటి ఆల్బమ్ 1979లో గానీ విడుదల కాలేదు, అంటే వాళ్లకి క్లాష్ అంటే ముందు ఇదే. పాటల్లోనూ లోటుంది: 'గన్స్ ఆన్ ద రూఫ్' రిఫ్ (మళ్లీమళ్లీ వచ్చే గిటార్ వరస) 'ద హూ' వాళ్ల 'ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్'ను గుర్తుచేస్తుంది. 'లాస్ట్ గ్యాంగ్ ఇన్ టౌన్' అయిదు నిమిషాలు దాటినా ఎక్కడికీ వెళ్లదు.

స్నేర్ స్టాండ్:
పాటల సంగతి ఒప్పుకుంటాను, రెండో వైపు నిజంగానే పల్చన. కానీ అదే వైపున్న 'స్టే ఫ్రీ' వినండి. అదే నిర్మాత. జోన్స్ గొంతులో ప్రతి మాటా తెలుస్తుంది, ఎందుకంటే పాడేచోట గిటార్ తప్పుకుంటుంది. గొంతులు మింగడమే పెర్ల్‌మన్ అలవాటైతే ఇది ఎలా బతికింది?

పాత రికార్డు:
అక్కడ జోన్స్ గట్టిగా అరవడు, పాట నెమ్మది, కాబట్టి చోటు దానంతటదే దొరికింది. 'టామీ గన్' లాంటి వేగం పాటలో చోటు ఎవరో ఒకరు చేసిపెట్టాలి. ఇంకో గిటార్ వద్దని చెప్పాల్సింది నిర్మాతే. మరుసటి ఏడాది 'లండన్ కాలింగ్'లో, నిర్మాత గై స్టీవెన్స్ దగ్గర, అదే నలుగురికి ఆ చోటు దొరికింది. ఆ రెండు ఆల్బమ్‌ల మొదటి పాటలు వెంటవెంటనే, ఒకే వాల్యూమ్‌లో పెట్టి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.