‘చెలరేఁగి కొసరి తెచ్చిన...’ ఊరుగాయలా, ఊరగాయలా?

బాటసారి:
బెర్లిన్‌కి వచ్చినప్పటి నుంచి పోతన గారి భాగవతంలో కృష్ణుడు గోపబాలుర నడుమ చల్దులు కుడిచే పద్యం నోట్లో ఆడుతోంది, ఒక్క అక్షరం దగ్గర మాత్రం ఆగిపోతోంది. ఇక్కడ మైబాఖ్‌ఊఫర్ అని కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో టర్కీ వాళ్ళ సంత జరుగుతుంది. ఎడమ చేతిలో ఫలాఫెల్ రొట్టె, కుడి చేతి వేళ్ళ మధ్య ఉప్పునీళ్ళలో ఊరిన చిన్న దోసకాయ, రెండు ఆలివ్‌లు. ‘వ్రేళ్ళ సందుల యందు వెలయ నిఱికి’ అని దానంతటదే వచ్చేసింది. దాని ముందుది ‘యూరుఁగాయలు’ అనాలా, ‘యూరఁగాయలు’ అనాలా? మా నాన్నగారు ‘ర’ అనే చదివేవారు. పుస్తకం వెంట లేదు. నేను పాలు, పెరుగు, నెయ్యి, తేనె ముట్టను కాబట్టి మీగడ పెరుగు పాదం కన్నా ఈ పాదమే నాకు దగ్గర.

గణయతి:
అచ్చులో నేను చూసింది ‘రు’. కానీ ఛందస్సు సాక్ష్యం చెప్పదండీ. చెలరేఁగి, కొసరితె, చ్చినయూరు, గాయలు: గణాలు సల, నగ, సల, భ. ‘ర’ పెట్టినా అది లఘువే, గణం కదలదు. యతి ‘చె’కీ ‘చ్చి’కీ కుదిరింది, మన అక్షరం జోలికే రాలేదు. పోతన ఏది రాసినా పద్యం నిలబడుతుంది, చిక్కంతా అక్కడే.

ఓరుగల్లు ఆడపడుచు:
మా ఇంట్లో అయితే తొక్కు, గొడవే లేదు. కానీ తమిళంలో చూడండి, ఊఱుగాయ్. ‘రు’ మాత్రమే కాదు, బండి ఱ కూడా. పోతన మా ఓరుగల్లు పక్క బమ్మెర వాడు, ఆ పాత ‘రు’ ఆయన నోట ఉండటంలో వింతేముంది?

ష్ప్రే ఒడ్డున:
నేను బెర్లిన్‌లోనే ఉంటాను. నా లెక్క వేరు. ఊరుగాయ తనంతట తాను ఊరేది, ఊరగాయ మనం ఊరబెట్టేది. బెర్లిన్‌కి ఆగ్నేయంగా ష్ప్రేవాల్డ్ ఉంది, అక్కడి దోసకాయలకి 1999 నుంచి యూరోపియన్ యూనియన్ పేరు రక్షణ ఉంది. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఉప్పునీళ్ళలో సోయికూరతో వేసి పులియనిచ్చేది. దాని నీళ్ళు మసకగా ఉంటాయి, కొరికితే పులుపు లోపలి నుంచి వస్తుంది. రెండోది వెనిగర్, చక్కెర పోసి సీసాలో పెట్టేది. నీళ్ళు తేటగా ఉంటాయి, పులుపు పైపైన తగిలి పోతుంది. మొదటిది ఊరుగాయ, రెండోది ఊరగాయ. బాటసారి గారూ, మీకు సంతలో దొరికింది మొదటిదే.

అన్నట్టు అదే ష్ప్రేవాల్డ్ వంట ఇంకోటి అడగండి. తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన క్వార్క్, పైన అవిసె నూనె. క్వార్క్ పాలతో చేసింది కాబట్టి ‘ఓనే క్వార్క్’ అనండి, అది తీసేసి ఇస్తారు. అవిసె గింజల కారం తిని పెరిగిన వాళ్ళకి ఆ నూనె చేదు హాయిగా ఉంటుంది. పులిసిన క్యాబేజీ, అదే సావర్‌క్రౌట్, పచ్చిదైతే తినండి. హోటల్లో వేడిగా ఇచ్చేది చాలాసార్లు పంది కొవ్వుతో వండింది, అడక్కుండా ముట్టకండి.

గణయతి:
దోసకాయలు బాగున్నాయి గానీ వ్యాకరణం ఒప్పుకోదు. రెండు మాటలు కలిసేచోట అరసున్న ఉందంటే మామూలుగా అక్కడ ద్రుతం, అంటే మాట చివరి ‘న్’, ఉండాలి. ‘ఊరన్’ తుమున్నర్థకం, అంటే ‘ఊరడానికి’ అని, దానికి ద్రుతం సహజం. కాబట్టి అరసున్నతో రాసేవాళ్ళు ‘ర’ వైపే రావాలి.

ఓరుగల్లు ఆడపడుచు:
అచ్చులో చూసింది ‘రు’ అని మీరే అన్నారు, అరసున్న కూడా అక్కడే ఉంది!

పాలవెల్లి:
మీరంతా ‘ఊరు’ దగ్గర ఆగిపోయారు. ఆ పాదంలో ప్రాణం ‘కొసరి’ దగ్గర ఉంది. ఇచ్చింది చాలక ఇంకాస్త అని అడిగి తెచ్చుకోవడం. తల్లి ఒక ముక్క వేస్తే ఇంకోటి అని గునిసిన పిల్లల చెయ్యి అందులో కనిపిస్తుంది. పద్యం చివర కృష్ణుణ్ణి ‘యాగభోక్త’ అన్నాడు చూశారా. యజ్ఞాల్లో హవిస్సు అందుకునేవాడు ఊరగాయ ముక్క కోసం కొసరాడు. దేవతలు వెరగుపడ్డది దానికే.

బాటసారి:
కొసరే మాటకొస్తే, ఇక్కడ సూడాన్ వాళ్ళ ఫలాఫెల్ కొట్లున్నాయి. వాటిలో వేరుశనగ సాస్ పోస్తారు, మన పల్లీ పచ్చడికి చుట్టమే. నేను కొసరి ఇంకాస్త పోయించుకున్నాను. మామూలు కొట్లలో తెల్లగా ఉండే సాస్‌లలో పెరుగో మయొనైజో ఉంటుంది, అందుకే ఎర్ర కారం సాస్ ఒక్కటే అడుగుతాను. హోటల్ మెనూల్లో వంటకం పక్కన చిన్న అక్షరాలుంటాయి. చాలాచోట్ల పాలకి జి, గుడ్డుకి సి. ప్రతి మెనూలోనూ అదే వరుస ఉండదు కాబట్టి చివర ఇచ్చిన పట్టిక చూసుకుంటాను. సూపర్‌మార్కెట్ పొట్లం మీద పదార్థాల్లో పాల పేరు మిగతా వాటి నుంచి వేరుగా కనబడేలా అచ్చు వేయాలని చట్టం. ‘లాక్టోజ్ లేదు’ అని ఉంటే మాత్రం పాలు లేవని కాదు.

పాలవెల్లి:
పాల పేరెత్తారు కాబట్టి చెప్తాను. 2017లో యూరోపియన్ న్యాయస్థానం మొక్కల నుంచి తీసినదాన్ని పాలు, వెన్న, పెరుగు అని పేరు పెట్టి అమ్మకూడదంది. టోఫు బటర్ అని అమ్మిన ఒక జర్మన్ కంపెనీ కేసు అది. కొబ్బరి పాలు లాంటి కొన్నిటికే మినహాయింపు. అందుకే మీకక్కడ ఓట్ పాల డబ్బా మీద ‘డ్రింక్’ అని కనిపిస్తుంది. మన భాషలో ఆ తీర్పు ఒక్క పూట నిలవదు. జిల్లేడు పాలు, మర్రి పాలు, వరి కంకి పాలు పోసుకోవడం... ఇవన్నీ ఏమనాలి?

గణయతి:
బాటసారి గారి కోసం ఆ పెరుగు పాదం మార్చాను. ‘మేలి సోయాదధిన్ మేళవించిన చల్ది’. ర, ర, ర, సల. యతి మే-మే.

ఓరుగల్లు ఆడపడుచు:
‘సోయాదధి’ వైరి సమాసం కదండీ! అన్యదేశ్యం మీద సంస్కృతం ఎలా అతికిస్తారు? పోతన ‘మీఁగడ పెరుగు’ అని అచ్చ తెలుగులో అన్నచోట మీరు దధి అంటే ఆ చల్ది రుచే పోయింది.

గణయతి:
సోయ పెరుగు అంటే యతి పోతుంది. ‘సో’కి ‘మే’ ఎక్కడ కుదురుతుంది?

ష్ప్రే ఒడ్డున:
పెరుగు లేకుండా ఒట్టి చల్దే కుడవొచ్చు. బెర్లిన్ వాళ్ళ ష్రిప్పె రొట్టె మామూలుగా పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ అంతే. అందులో ఊరుగాయ పెట్టుకోండి.

ఓరుగల్లు ఆడపడుచు:
ఊరుగాయే అన్నారు, సంతోషం. కానీ నా అసలు ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. అదే పాదం చివర ‘నిఱికి’లో బండి ఱ ఉంది, తమిళంలో ఊఱుగాయ్‌లో ఉంది, మరి ఇక్కడ మామూలు ‘ర’ ఎలా వచ్చింది? పాత అచ్చు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి. ముందు అది తేలాలి, రు, ర సంగతి ఆ తర్వాత.